గ్లాస్టన్‌బరీలో యూల్ దుంగ

బ్రిస్టల్‌లో మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దావిడ పేగన్, అంటే క్రైస్తవం కంటే ముందున్న పాత ప్రకృతి ఆరాధనని అనుసరించే మనిషి. ఇంగ్లండ్‌లోనే గ్లాస్టన్‌బరీ అనే ఊళ్లో వాళ్లింట్లో చేసుకునే యూల్ పండక్కి రమ్మని పిలిచింది. ఏడాదిలో అతి పొడవైన రాత్రి అది, వీళ్ల లెక్కలో సూర్యుడు మళ్లీ పుట్టే రాత్రి. బస్సు దిగేసరికి మధ్యాహ్నం దాటింది, నాలుగింటికల్లా పొద్దు గూకిపోతుంది కాబట్టి టోర్ గుట్ట సంగతి పొద్దున చూద్దామని నేరుగా వాళ్ల పెరట్లోకి నడిచాం.

ఆ రాత్రి వెలిగించడానికి రెండు దుంగలు, రెండూ వాళ్ల పెరటి యాష్ చెట్టువే. 2012లో బ్రిటన్‌లో బయటపడ్డ ఒక ఫంగస్ తెగులు ఈ చెట్లని వరసపెట్టి చంపేస్తోంది, వీళ్లదీ దానికే పోయింది. యూల్ దుంగని కొనకూడదు, సొంత నేలదో ఎవరైనా ఇచ్చిందో అయ్యుండాలి అన్నది ఆవిడ పట్టింపు.

చిన్న దుంగ బల్ల మీదకి. దొర్లకుండా అడుగున రంపంతో చదును చేశాక, పైన డ్రిల్లుతో మూడు గుంతలు పెట్టే పని నాకిచ్చారు. గుంత వదులైతే కొవ్వొత్తి ఒరిగిపోతుంది, అందుకే ఆవిడ ప్రతి గుంతలో కొవ్వొత్తి దింపి, తిప్పి చూసి, "ఇంకాస్త లోతు" అనేది. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు. చుట్టూ ఐవీ తీగ, ఎర్రటి కాయలున్న హాలీ కొమ్మలు, ఆ ఆకుల ముళ్లు వేళ్లకి గుచ్చుకుంటూనే ఉన్నాయి. ఇంట్లో పొయ్యి లేనివాళ్లు ఈ కొవ్వొత్తుల దుంగతోనే పండగ చేసుకుంటారు.

పెద్ద దుంగ మాత్రం పొయ్యిలోకే. దాని మీద సైడర్ అనే ఆపిల్ మద్యం పోసి, పిండి చల్లి, వదిలించుకోవాలనుకున్నవి కాగితాల మీద రాసి బెరడు సందుల్లో దూర్చాం. లైట్లన్నీ ఆర్పేశారు. ఆవిడ రేకు డబ్బా మూత తీసి, పోయినేడాది దుంగలో మిగిల్చిన నల్లటి కొరివి ముక్క బయటికి తీసింది. ముందు అది వెలిగించి, దాంతోనే కొత్త దుంగ కింద చితుకులు అంటించింది. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ కవిత్వంలోనే ఈ పద్ధతి కనిపిస్తుంది. మన భోగి మంటలో పాతది కాల్చేసి కొత్తకి దారిస్తాం, వీళ్లు పాత నిప్పుతోనే కొత్తది మొదలుపెడతారు. మొత్తం ట్రిప్‌లో నాకు బాగా పట్టుకున్నది ఇదే.

సూర్యోదయం ఎనిమిది దాటాక. టోర్ మీద సెయింట్ మైకేల్ టవర్ చుట్టూ డప్పులు, పాటలు, ఈడ్చి కొట్టే గాలి. మబ్బు పట్టి సూర్యుడు కనిపించకపోయినా జనం కేకలు వేశారు. బాగుంది గానీ, ముందురోజు పెరట్లో చెక్క తొలిచినంత సంతోషం ఇక్కడ కలగలేదు.

ఇంటికొచ్చేసరికి దుంగ ఇంకా కాలుతోంది. ఆవిడ పటకారుతో ఒక ముక్క తీసి, నీళ్లలో ముంచి పక్కన పెట్టింది. పైకి చల్లారినట్టున్నా లోపల నిప్పు ఉండొచ్చు, బాగా ఆరాకే డబ్బాలోకి. బూడిదేమో ఆపిల్ చెట్ల మొదట్లో వేస్తారు, అందులో పొటాషియం ఉంటుంది కాబట్టి చెట్టుకీ మంచిదే. ఆ యాష్ కలప ఇంకో నాలుగైదు యూల్‌లకి వస్తుందట. తర్వాత ఎవరైనా దుంగ ఇస్తే సరే, కొనడం మాత్రం జరగదని గట్టిగా చెప్పింది.