కాలనీలో నెమళ్ళు తిరుగుతుంటే

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టుపక్కల ఉండేవాళ్ళకు ప్రహరీ మీద నెమలి కొత్త కాదు. దయచేసి అన్నం, బ్రెడ్డు వేయకండి. మిగిలిన మెతుకులకు ఎలుకలొస్తాయి, ఎలుకలకని పెట్టిన మందు గింజలు నెమలి తింటుంది. పురుగులు, తొండలు, చిగుళ్ళు తోటలోనే దొరుకుతాయి. అక్కడ పురుగుమందు కొట్టకపోతే చాలు.

ఎండాకాలం నీళ్ళు మాత్రం తప్పకుండా పెట్టండి. వెడల్పాటి మట్టి మూకుడు, రెండంగుళాల లోతు, నీడపట్టున. పొదకు ఆనించి పెడితే పిల్లి పొంచి ఉంటుంది. రోజూ తోమి నింపాలి, లేకపోతే దోమలు.

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం వానాకాలం. పెట్ట నేల మీదే, పొద మాటున గుడ్లు పెట్టి దాదాపు 28 రోజులు పొదుగుతుంది. అప్పుడు కంచె మొక్కలు కత్తిరించొద్దు, పెంపుడు కుక్కల్ని వదలొద్దు. మగది కారు మీద తన ప్రతిబింబాన్ని చూసి ఇంకో నెమలనుకుని పొడుస్తుంది. తరమకండి, కారుకు కవరు వేయండి. వానలు తగ్గేసరికి పొడవాటి ఈకలు వాటంతటవే రాలతాయి, అది జబ్బు కాదు.

గాయపడిన నెమలిని ఇంట్లో ఉంచుకోకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. తలమీద పలచని గుడ్డ కప్పి, గాలాడే అట్టపెట్టెలో పెట్టి, నోట్లో నీళ్ళు పోయకుండా వెంటనే అటవీశాఖకు ఫోన్ చేయండి.