కెంటకీ త్రీ డే ఈవెంట్: టికెట్‌తో పోయేది తక్కువే, అసలు ఖర్చంతా లోపలే

ఏటా ఏప్రిల్ చివర్లో లెక్సింగ్టన్‌లోని కెంటకీ హార్స్ పార్క్‌లో జరిగే త్రీ డే ఈవెంట్ అనే గుర్రపుస్వారీ పోటీకి ఈసారి ఫ్యామిలీ అంతా వెళ్ళొచ్చాం. మా పిల్లతో పాటు రైడింగ్ నేర్చుకునే పిల్లల అమ్మలు ఎంతయింది, ఏం కొన్నారు, మేమూ వెళ్ళొచ్చా అని విడివిడిగా అడుగుతుంటే ఒక్కొక్కళ్ళకీ చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాసేస్తున్నా, కొంచెం పొడుగవుద్ది, టీ పెట్టుకుని చదవండి.

ముందు తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది రేసు కాదు. అదే గుర్రం, అదే రైడరు, మూడు పరీక్షలు. గురు, శుక్రవారాల్లో డ్రెస్సాజ్, అంటే గుర్రం ఎంత చెప్పుచేతల్లో ఉందో చూపించే నడకలు, శనివారం క్రాస్ కంట్రీ, అంటే బయట మైదానంలో దుంగలూ నీళ్ళూ దూకుతూ పరిగెత్తడం, ఆదివారం షో జంపింగ్, అంటే స్టేడియంలో కర్రలు పడకుండా దూకడం. పేరుకి మూడు రోజులు గానీ జరిగేది నాలుగు రోజులు. ఈ ఆటలో పై మెట్టు ఫైవ్ స్టార్, అలాంటివి ప్రపంచం మొత్తమ్మీద ఏడే ఉన్నాయి, అమెరికాలో అయితే 2021లో మేరీల్యాండ్‌లో ఇంకోటి మొదలయ్యేదాకా ఇదొక్కటే. అందుకే దేశం నలుమూలల నించీ జనం ఇక్కడికే వచ్చి పడతారు, వచ్చి పడ్డాక రేట్లు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు.

2017 దాకా దీనికి ఖరీదైన వాచీల కంపెనీ రోలెక్స్ స్పాన్సరు, ఆ తర్వాత ల్యాండ్ రోవర్ వాళ్ళొచ్చారు, కానీ మా పిల్ల రైడింగ్ నేర్చుకునే బార్న్‌లో పాతవాళ్ళందరూ ఇప్పటికీ "రోలెక్స్‌కి వెళ్తున్నారా" అనే అడుగుతారు. ఆ మాట చెవిన పడగానే మా ఆయన మొహం చూడాలి.

సరే, టికెట్ల సంగతి. ఊరికే గ్రౌండ్స్‌లోకి వెళ్ళే టికెట్ వేరు, స్టేడియంలో డ్రెస్సాజ్, జంపింగ్ చూడ్డానికి రిజర్వ్‌డ్ సీటు వేరు. కారు పార్కింగ్ మళ్ళీ వేరే, రోజుకింత అని, అది కూడా ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే నయం. నా అభిప్రాయం ఏంటంటే పిల్ల సీరియస్‌గా డ్రెస్సాజ్ చేస్తుంటే తప్ప ఆ రెండు రోజులకీ మంచి సీట్ల మీద డబ్బు పెట్టక్కర్లేదు, ఆ డబ్బు ఆదివారం జంపింగ్‌కి పెట్టండి, మొత్తం లెక్క తేలేది అక్కడే, ఒక్క కర్ర పడితే నాలుగు పెనాల్టీ పాయింట్లు పడి పైనున్నవాళ్ళు కిందకి జారతారు, స్టేడియం అంతా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. శనివారం రాత్రి పెద్ద షో జంపింగ్ గ్రాండ్ ప్రీ కూడా ఉంది, దానికి మళ్ళీ సెపరేట్ టికెట్. మేం వెళ్ళలేదు, పొద్దుట్నించీ నడిచి నడిచి కాళ్ళు పీకుతుంటే ఇంకా ఏం గ్రాండ్ ప్రీ.

హోటల్ దగ్గర మాత్రం నిజంగా కడుపు మండింది. ఒహాయోలో మా కొలంబస్ నించి మూడు గంటల పైచిలుకు డ్రైవ్, ఐ-75 మీద ఎగ్జిట్ 120 దగ్గర దిగితే పార్కే, కాబట్టి దగ్గర్లో రూమ్ తీసుకుందామంటే మామూలు రోజుల్లో ఎవరూ తొంగి కూడా చూడని ఒక హైవే హోటల్ రెండింతలు దాటి అడిగింది, పైగా ఇన్ని రాత్రులు కచ్చితంగా ఉండాలి అని కండిషను, క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి రాదు. దాదాపు అదే టైమ్‌లో లెక్సింగ్టన్‌లోనే కీన్‌ల్యాండ్ రేస్ కోర్సులో ఏప్రిల్ గుర్రప్పందేలు, ఆ తర్వాత మే మొదటి శనివారం లూయీవిల్‌లో డెర్బీ అనే పెద్ద పందెం, ఇంక ఆ చుట్టుపక్కల హోటళ్ళవాళ్ళకి పండగే. చివరికి సిన్సినాటి వైపు వెనక్కొచ్చి రూమ్ తీసుకున్నాం, పొద్దున గంటా గంటన్నర డ్రైవ్ ఎక్కువైంది గానీ బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ, ఆ మిగిలిన డబ్బుతోనే హెల్మెట్ వచ్చింది. పార్క్‌లోనే క్యాంప్‌గ్రౌండ్ ఉంది, ఆర్‌వీ, అంటే ఇల్లు లాంటి బండి, ఉన్నవాళ్ళకి బంగారం లాంటి చోటు, కాకపోతే చాలా ముందు నించీ కాచుకుని కూర్చోవాలి.

ఇంక షాపింగ్. ట్రేడ్ ఫెయిర్ అంటారు, ఆల్‌టెక్ అరీనా లోపలా చుట్టుపక్కలా వందకి పైగా స్టాళ్ళు. 2010లో ఇక్కడ వరల్డ్ ఈక్వెస్ట్రియన్ గేమ్స్ జరిగినప్పుడు వాడిన బిల్డింగే అది, యూరప్ బయట ఆ గేమ్స్ జరగడం అదే మొదటిసారంట. లోపలికి అడుగు పెట్టగానే కొత్త తోలు వాసన గుప్పుమంటుంది. ధన త్రయోదశి నాడు బంగారం కొట్టు ఎలా ఉంటుందో అలా ఉంది శుక్రవారం మధ్యాహ్నం, అందరూ చూసేవాళ్ళే, అందరి చేతుల్లోనూ ఒక సంచీ. జీను కింద వేసే సాడిల్ ప్యాడ్‌లు, బ్రీచెస్ అనే రైడింగ్ ప్యాంట్లు, బూట్లు, కళ్ళేలు, గుర్రానికి వేసే దుప్పట్లు, గుర్రం బొమ్మలున్న గిన్నెలూ గాజులూ, కుక్కల పట్టీలు, బూర్బన్ విస్కీ, ఇంటి గోడకి తగిలించే పెయింటింగులు, గుర్రానికి మసాజ్ చేసే మిషన్లు, ఒకటని కాదు.

మేం ఒక్కటే గట్టిగా అనుకుని వెళ్ళాం, హెల్మెట్ తీసుకోవాలని. ఎందుకంటే పాతది పిల్లకి బిగుతైపోయింది, పైగా హెల్మెట్ అనేది తలకి పెట్టి చూడకుండా కొనేది కాదు. స్టాల్‌లో పెద్దావిడ ఒకావిడ టేపు తీసి కనుబొమల పైనించి తల చుట్టూ కొలిచింది, కొలిచాక ఏదో ఒక సైజు చేతిలో పెట్టకుండా తల పైనించి చూసి "ఈ పిల్లది పొడుగు తల, ఈ కంపెనీది గుండ్రంగా ఉంటుంది, నప్పదు" అని నేను ముచ్చటపడ్డ మెరుపుల హెల్మెట్ పక్కన పెట్టేసింది. గుర్రం ఎక్కేటప్పుడు జుట్టు ఎలా కడతావో ఇప్పుడూ అలానే కట్టు అంది. మా అమ్మాయి జడ విప్పి కిందకి పోనీటెయిల్ వేసుకున్నాక హెల్మెట్ పెట్టి, పట్టీ పెట్టకుండానే ముందుకీ వెనక్కీ ఊపి చూపించింది, హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం, కనుబొమలూ కదలాలి, హెల్మెట్ ఒక్కటే కదిలితే అది లూజన్నట్టు. కదిలాయి. అయినా వదల్లేదు, పావుగంట అలానే పెట్టుకుని తిరిగి రా అని పంపింది. వచ్చాక తీసి నుదురు చూస్తే మధ్యలో ఎర్రటి గీత, వెంటనే ఆ మోడల్ వద్దంది, ఇంకోటి తెచ్చింది, దాంతో ఏ గుర్తూ పడలా. ఇదంతా నలుగురు లైన్లో నిలబడి చూస్తుండగా, ఏ మాత్రం విసుక్కోకుండా.

రేటు గురించి ఒక మాట, వంద డాలర్ల లోపు హెల్మెట్లూ ఉన్నాయి, ఆరేడు వందలవీ ఉన్నాయి, అన్నీ ఒకే సేఫ్టీ స్టాండర్డ్ పాసైనవే. ఎక్కువ పెట్టేది చాలామటుకు తోలుకీ తళుకుకీ గాలి కన్నాలకీ. వర్జీనియా టెక్ వాళ్ళు 2022 చివర్లో రైడింగ్ హెల్మెట్లకి స్టార్ రేటింగ్‌లు పెట్టారు, ఫోన్లో అది తెరిచి పెట్టుకుని షాపింగ్ చేయండి, రేటు చూసి స్టార్లు అంచనా వేస్తే కుదరదు అని మీకే అర్థమవుద్ది. మేం మధ్యరకంది తీసుకున్నాం, షో డిస్కౌంట్ ఇచ్చారు. గట్టిగా పడితే పగుళ్ళు కనపడకపోయినా హెల్మెట్ మార్చాల్సిందే, అలా పడినప్పుడు కొత్తదాని మీద తగ్గింపు ఇచ్చే కంపెనీలున్నాయి, బిల్లు పారేయొద్దని ఆవిడే చెప్పింది.

జీనుల దగ్గర వేరే కథ. ఫ్రెంచి కంపెనీల స్టాళ్ళలో చెక్క గుర్రాల మీద పెట్టి ఉంచుతారు, ఎక్కి కూర్చోవచ్చు, ఎవరూ ఏమనరు. మా అమ్మాయి ఎక్కి కూర్చుని దిగనంటుంది, ఆ అమ్మే కుర్రాడేమో కాలు పొడవు కొలుస్తున్నాడు, మా ఆయన మెల్లగా రేటు అడిగితే ఏడు వేల డాలర్ల పైన. మనకేమో సొంత గుర్రమే లేదు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. జీను మనిషి కన్నా ముందు గుర్రం వీపుకి సరిపడాలి, లెసన్ గుర్రాల మీద తిరిగే పిల్లకి జీను కొనడమంత దండగ ఇంకోటి లేదు, స్టాళ్ళవాళ్ళు ఈ మాట వాళ్ళంతట వాళ్ళు చెప్పరు గానీ అడిగితే ఒప్పుకుంటారు. పాత జీనులు అమ్మే స్టాళ్ళు కూడా ఉన్నాయి, గుర్రం ఉన్నవాళ్ళు అక్కడ చూడండి.

గాలి వెస్టుల దగ్గర మాత్రం నేను ఆగిపోయా. రైడరు పడగానే జీనుకి కట్టిన తాడు లాగి, సిలిండర్‌కి కన్నం పడి, గ్యాస్ నిండి ఒంటి మీది వెస్టు ఉబ్బుతుంది, డెమోలో ఢామ్మని ఉబ్బేసరికి పక్కనున్న చంటిపిల్లాడు ఏడుపు. వెస్టుకి ఐదారు వందల పైనే, ఉబ్బిన ప్రతిసారీ సిలిండర్ కొత్తది వేయాలి, అది వేరే ఖర్చు. పిల్ల ఇంకా చిన్న చిన్న దుంగల మీంచే దూకుతోంది కాబట్టి ఈ ఏడాది వద్దనుకున్నాం, కానీ నా మనసు అక్కడే ఉంది.

ఈవెంట్ లోగో ఉన్న టీషర్టులూ జాకెట్లూ కావాలంటే ముందే కొనేయండి, పిల్లల సైజులు శనివారానికి అయిపోతాయి. మిగతావి, అంటే సాక్సులు, గ్లవ్స్, సాడిల్ ప్యాడ్‌లు ఆదివారం మధ్యాహ్నం దాకా ఆగండి, మళ్ళీ ప్యాక్ చేసి మోసుకెళ్ళడం ఇష్టం లేక తగ్గిస్తారు. అలా మా అమ్మాయికి ముదురు ఊదా రంగు ప్యాడ్ సగం రేటుకొచ్చింది, ఆ రంగు ఎవరికీ నచ్చలేదని అర్థం, దానికి మాత్రం తెగ నచ్చింది. ఏం కొన్నా బిల్లులో కెంటకీ సేల్స్ టాక్స్ 6 శాతం కలుస్తుందని గుర్తు పెట్టుకోండి. ఊరికే "షో స్పెషల్" అని బోర్డు పెట్టిన ప్రతిదీ స్పెషల్ కాదు, పక్కకి జరిగి ఫోన్లో చూస్తే అదే బూటు అదే రేటుకి ఇంటికే పంపిస్తున్నారు. పెట్టి చూసుకోవాల్సినవి అక్కడ, మిగతావి ఇంటికొచ్చాక, ఇదే నా పద్ధతి.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బర్గర్లు, ఫ్రైస్, నిమ్మరసం, అన్నీ స్టేడియం రేట్లే. వెజిటేరియన్లకి ఇంకా తక్కువ. మా బార్న్ వాళ్ళు కొందరు కలిసి శనివారానికి టెయిల్‌గేటింగ్ స్పాట్, అంటే కారు పెట్టుకుని పక్కనే తింటూ కూర్చునే చోటు, తీసుకున్నారు, ఖర్చు పంచుకుంటే మనిషికి పెద్ద పడలేదు, మేం కూలర్లో పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్తే సాయంత్రానికి గిన్నె ఖాళీ, కోచ్ అయితే పులిహోరలో పల్లీలు ఏరుకుని తింది. రెయిన్‌కోట్లు, రబ్బరు బూట్లు ఇంటి నించే పట్టుకెళ్ళండి, ఏప్రిల్లో అక్కడ పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, ఉన్నట్టుండి వాన. వాన పడ్డ గంటలో రబ్బరు బూట్లమ్మే స్టాల్ ముందు లైను చూశాం, అక్కడ బేరం ఎవరాడతారు చెప్పండి.

ఇన్ని ఖర్చుల మధ్య పైసా అదనంగా అడగనిది క్రాస్ కంట్రీ కోర్సు. శుక్రవారం దాని పక్కనే నడుచుకుంటూ వెళ్ళి అడ్డంకులన్నీ దగ్గర్నించి చూడొచ్చు. దుంగల్లాంటి గట్టివాటి ఎత్తు 1.20 మీటర్ల దాకా, పైన పొద కట్టినవి 1.45 దాకా. టీవీలో చూస్తే ఏముందిలే అనిపిస్తుంది, పక్కన నిలబడితే మా అమ్మాయికి గుండెల దాకా వచ్చింది, అప్పటిదాకా వాగుతున్న పిల్ల గప్‌చుప్. శనివారం గుర్రాలు కొద్ది నిమిషాల తేడాతో ఒక్కోటీ బయల్దేరతాయి, నాలుగు మైళ్ళు, పదకొండు నిమిషాల అటూ ఇటూ, ఆలస్యమైతే సెకనుకి 0.4 పెనాల్టీ. గుర్రం వస్తోందంటే ముందు విజిల్ వినపడుద్ది, దారి దాటేవాళ్ళని ఆపడానికి తాడు వేస్తారు, తర్వాత గిట్టల చప్పుడు, అది చెవుల కన్నా ముందు కాళ్ళకి తెలుస్తుంది. హెడ్ ఆఫ్ ది లేక్ అనే నీళ్ళ దగ్గర జనం ఎక్కువ, మేం పొద్దున్నే వెళ్ళి గట్టు మీద చోటు పట్టాం. ఒక గుర్రం నీళ్ళలోకి దూకి తడబడి ముక్కు దాదాపు నీళ్ళకి తగిలింది, రైడరు పగ్గాలు వేళ్ళ మధ్య నించి జారనిచ్చి వెనక్కి వాలాడు, మళ్ళీ పోగుచేసుకుని రెండో అడ్డంకికి సరిగ్గా వెళ్ళాడు, జనం అరుపులకి నా చెవులు గింగుర్లెత్తాయి. 2023లో టేమీ స్మిత్ మై బౌమ్ అనే గుర్రం మీద గెలిచేదాకా 2008 నించీ ఇక్కడ అమెరికన్ ఎవరూ గెలవలేదంట, అందుకే సొంత దేశపు రైడరు వస్తే ఆ గోల.

మొత్తం మీద మా ఖర్చులో ఎక్కువ భాగం హోటలు, తర్వాత హెల్మెట్, తర్వాత టికెట్లు, పార్కింగ్. తక్కువలో అవ్వాలంటే శనివారం ఒక్క రోజు తెల్లారుజామునే బయల్దేరి క్రాస్ కంట్రీ చూసి రాత్రికి వచ్చేయండి, మా ఊరి నించి అది సాధ్యమే, వంతులేసుకుని నడపడానికి ఇద్దరుంటే చాలు. షాపింగ్ కూడా కావాలంటే శుక్రవారం కలపండి. బార్న్‌లో నాలుగు కుటుంబాలు కలిసి వచ్చే ఏడాదికి ఒక ఇల్లు అద్దెకి తీసుకుందామని మాట్లాడుకుంటున్నాం, ఇంకో ఇద్దరికి చోటుంది, వచ్చేవాళ్ళు దీపావళి లోపు చెప్పండి, ఆ తర్వాత మళ్ళీ ఆ హైవే హోటలే గతి.