అక్విడక్ట్ మీద స్పానిష్

స్పానిష్ పుస్తకాల మీద నాకు కోపం. మీద, కింద, పక్కన అని నేర్పడానికి ఏ పుస్తకం తెరిచినా అదే పెట్టె, అదే పిల్లి. ఎన్నిసార్లు చదివినా ఆ మాటలు నోట్లో నిలవలేదు. పెద్దమ్మ కూతురి పెళ్లికి నర్సాపురం వెళ్తూ, రావులపాలెంలో రాజోలు బస్సెక్కాకే అవి పట్టుబడ్డాయి.

పి.గన్నవరంలో బస్సు అక్విడక్ట్ ఎక్కింది. కింద వైనతేయ అనే గోదావరి పాయ, దాని మీదుగా వంతెనపై పంట కాలువ. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే, కానీ ఆ పూట కళ్లు తిప్పుకోలేకపోయాను. ఎల్ కనాల్ ఎస్తా ఎన్‌సీమా దెల్ రీయో: కాలువ నది మీద ఉంది. ఎల్ రీయో ఎస్తా దెబాహో దెల్ కనాల్: నది కాలువ కింద ఉంది. వాళ్లు 'మీద'ను ముందు చెప్పి, నదిని తర్వాత చెబుతారు. మధ్యలో 'దె', 'ఎల్' కలిసి 'దెల్' అవుతాయి. వంతెన దాటేలోపు రెండు వాక్యాలూ తడుముకోకుండా వచ్చేశాయి.

చించినాడ వంతెన మీదుగా పోవచ్చు గానీ, నాకు సఖినేటిపల్లి పంటు, అంటే బళ్లను కూడా ఏరు దాటించే పెద్ద పడవ అంటేనే ఇష్టం. రేవులో నా ముందున్న మోటార్‌సైకిల్ 'దెలాంతె', వశిష్ఠ పాయకు అవతల ఎదురుగా కనిపించే నర్సాపురం 'ఎన్‌ఫ్రెంతె'. గొణుక్కుంటుంటే, బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న పెద్దాయన అడిగారు.

"ఏంటమ్మా, ఏదో చదువుకుంటున్నావ్?"

"స్పానిష్ అండి. ఉద్యోగం కోసం."

"మంచిదే. మీవాళ్ల ఇల్లెక్కడ?"

వీధి పేరు చెప్పాను. "ఓ, అల్లక్కడ! ఆ టవరు కనబడుతోందా, దాని వెనకాల" అని చెయ్యి బాగా చాచి చూపించారు.

క్లాసులో నన్ను ఏడిపించిన మూడు మాటలూ అప్పుడు విడివిడిగా కనిపించాయి. నా ఒళ్లో సంచి 'అకీ', ఆయన కాళ్ల దగ్గర బుట్ట 'అఈ', ఇద్దరికీ దూరంగా ఉన్న టవరు 'అయీ'. వినేవాళ్ల దగ్గరున్నదానికి విడిగా ఒక మాట ఉండటం నాకు ఎంతో నచ్చింది. ఆయనకు చెబితే, బుట్ట వైపు చూసి తల ఊపారు.

దిగాక ఆటో అతను పెళ్లిళ్ల సీజనని మామూలుకి రెట్టింపు అడిగాడు. పైగా "దూరమండి" అట! ఆ ఇల్లు 'లేహోస్' కాదు, 'సెర్కా' అని నాకు తెలుసు. ఒళ్లు మండి నడిచే వెళ్లాను.

రాత్రి అక్క కూతురు పక్కన చేరి పాఠం చెప్పమంది. వస్తువు ఎక్కడుందో చెప్పడానికి 'ఎస్తా', వేడుక ఎక్కడ జరుగుతుందో చెప్పడానికి 'ఎస్' అన్నాను. పందిరి ఇంటి ముందు ఎస్తా, పెళ్లి నర్సాపురంలో ఎస్.

"మరి భోజనాలు, పిన్నీ?"

"పెరట్లో ఎస్."

"పూతరేకుల డబ్బా?"

"అది మీ అమ్మమ్మ మంచం కింద ఎస్తా" అన్నాను. అప్పటికే లేచి పరిగెత్తింది.