అవ్వ ముడుపు

సంవత్సరీకం ముగిసిన మర్నాడు అవ్వ ట్రంకు పెట్టె తెరిచాం. నాలుగు నేత చీరలు, పిడి ఊడిన అద్దం, అడుగున పసుపు గుడ్డలో కట్టిన ముడుపు. పైకి తీయగానే చివికిన గుడ్డ విడిపోయి నాణేలు నేలమీద దొర్లాయి.

"ఏడుకొండలవాడి సొమ్ము, లెక్కపెట్టకు" అంది అమ్మ, కొత్త గుడ్డ వెతుకుతూ.

లెక్కపెట్టలేదు గానీ, చూడకుండా ఉండలేకపోయాను. మధ్యలో చిల్లున్న 1945 నాటి కానీ బిళ్ళ. 1957లో దశాంశ పద్ధతితో వచ్చిన నయాపైసలు. తామరపువ్వున్న ఇత్తడి ఇరవై పైసల బిళ్ళలు. 2011లో చెల్లకుండా పోయిన పావలాలు. ఆ తర్వాత రూపాయలు, పది రూపాయల బిళ్ళలు. అవ్వ తొంభై మూడేళ్ళు బతికింది. చదువుకోలేదు, సంతకం కూడా రాదు. ఆమె చేతిరాత అంటూ ఏదైనా ఉంటే అదే.

అవ్వ తిరుమల కొండ ఎక్కింది ఒక్కసారే, 1942లో, పదకొండేళ్ళప్పుడు, తండ్రి వెంట. మొదటి ఘాట్‌రోడ్డు 1944లో గానీ రాలేదు. నడవగలిగినవాళ్ళు మెట్లెక్కేవారు, లేనివాళ్ళు డోలీలో వెళ్ళేవారు. ఆ ప్రయాణం గురించి మాకు వందసార్లు చెప్పి ఉంటుంది. చెప్పినప్పుడల్లా కాస్త పెరిగేది. నా చిన్నప్పుడు దారిలో పులి గాండ్రింపు వినిపించిందంతే. నేను కాలేజీలో చేరేసరికి ఆ పులి మెట్ల మీదే కూర్చుని ఉంది.

తర్వాత ఎప్పుడు బయలుదేరాలనుకున్నా ఒక పురుడో, కోతలో, తాత జబ్బో అడ్డుపడేవి. మొక్కులు మాత్రం ఆగలేదు. ఎనభై దాటాక కారులో తీసుకెళ్తామన్నాం. "నడిచి వస్తానని మొక్కుకున్నాను. కారులో పోతే ఆయన్ని చూసినట్టవుతుంది గానీ మొక్కు తీరినట్టు కాదు" అంది.

అందుకే అరవై ఎనిమిదేళ్ళ అమ్మ, నలభై రెండేళ్ళ నేను నడిచాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. పాదాల మండపం దగ్గర స్వామి పాదుకలు తలపై పెట్టుకుని ప్రదక్షిణ చేశాం. తలయేరు గుండు అనే బండరాయికి మోకాళ్ళు ఆనిస్తే నొప్పులు రావని నమ్మకం. అమ్మ ఆనించి లేచింది. నాకెందుకని నవ్వాను. గాలిగోపురం చేరేలోపే ఆ నవ్వుకు శిక్ష పడింది. ప్రతి మెట్టుకూ పసుపు రాసి బొట్టు పెడుతూ ఎక్కుతున్న ఒకావిడ నన్ను దాటి వెళ్ళిపోయింది.

గోపురం దగ్గర కూలబడ్డాం. ముడుపు విప్పకుండానే అమ్మ ఒక్కో నాణెం కథ చెప్పసాగింది. అన్నీ అవ్వ నోట విన్నవే. చిల్లు కానీ, పెళ్ళయిన ఏడాది అత్తగారింట్లో పాలు మాడ్చినప్పటిది. తిట్లు పడకుండా చూడమని. ఇరవై పైసల బిళ్ళల్లో ఒకటి మామకు టైఫాయిడ్ వచ్చినప్పుడు, ఇంకొకటి బర్రె తప్పిపోయినప్పుడు.

"రెండింటికీ ఒకటే రేటా?" అన్నాను.

"బర్రె మాత్రం ఇంట్లో మనిషి కాదా?"

"నాదేమైనా ఉందా?"

"పదో తరగతి లెక్కల పరీక్ష. రెండు రూపాయలు. నీ మీద నమ్మకం తక్కువ."

జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి, నరసింహస్వామి గుడి దాటాం. పక్కన అవ్వాచారి కోన. తన పేరు మీద కొండల్లో ఒక లోయే ఉందని అవ్వ చిన్నప్పుడు మమ్మల్ని నమ్మించింది. నేను చాలా ఏళ్ళు నమ్మాను కూడా.

మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్లు ఒక్కసారిగా నిటారుగా లేస్తాయి. ఈ కొండ ఆదిశేషుడేనని, దానిమీద పాదం మోపలేక రామానుజాచార్యులు మోకాళ్ళతో ఎక్కారని చెబుతారు. అవ్వ కథలో ఇక్కడే ఆమె తండ్రి ఆయాసంతో కూర్చుండిపోయాడు. పదకొండేళ్ళ పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని లాగుతూ పైకి తీసుకెళ్ళింది. పులి ఎంత పెరిగినా ఈ ముక్క మాత్రం ఎప్పుడూ మారలేదు. నేను నాలుగు మెట్లెక్కి ఆగిపోయాను. పైమెట్టు మీద నుంచి అమ్మ ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాపింది.

దర్శనం రెప్పపాటు. వెనకనుంచి తోపులాట, పక్కనుంచి "నడవండి, నడవండి". హుండీ అంటే గుడ్డతో కట్టిన పెద్ద కొప్పెర. అమ్మ ముడుపు జారవిడిస్తే చప్పుడైనా కాలేదు. ఎనభై ఏళ్ళ బాకీ కాస్త గలగలమంటుందనుకున్నాను. హుండీ సొమ్ము లెక్కపెట్టే పరకామణిలో ఆ చిల్లు కానీ చేతికి తగిలినవాళ్ళు ఒక్క క్షణం ఆగి ఉంటారా?

బస్సులో దిగాం. కిందికి వచ్చే బస్సులకు ఆ 1944 నాటి రోడ్డే దారి. మలుపుల్లో కళ్ళు మూసుకుని కూర్చున్నవాణ్ణి, తెరిచి చూస్తే అమ్మ కొంగు చివర రూపాయి బిళ్ళ పెట్టి ముడి వేస్తోంది.

"ఇదెవరికమ్మా?"

"నీ మోకాళ్ళకు. తగ్గాక నువ్వే తెచ్చి వెయ్యి. నడిచి."