కౌంట్ ఎంత అంటే సరిపోదు, దేనికి ఎంత?

విడవలూరు, ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల మీద ఎవరిని పలకరించినా మొదట వచ్చే మాట కౌంట్. వెంకటగిరి నేతగాళ్ల నూలు లెక్కలోనూ అదే మాట. డెంగీ రోజుల్లో ఆస్పత్రి వరండాలోనూ అదే. ఒక కొలతకు ఎన్ని వస్తాయన్నదే అన్ని చోట్లా లెక్క. ఆ కొలత ఏదో తెలీకుండా అంకె ఒక్కటే పట్టుకుంటే నష్టపోతాం.

గుంట మీద కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు. 100 కౌంట్ అంటే ఒక్కోటి 10 గ్రాములు, 50 అయితే 20, 40 అయితే 25. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ ఎక్కువే.

కౌంట్ తీసేది చాలామంది చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసేందుకు గుంటలో దించే పళ్లెం) పడ్డ రొయ్యలతోనే. అది సరికాదు. ట్రే మీదికి వచ్చేవి మేత మీద ఆకలి ఉన్నవి. కుబుసం విడిచినవి, జబ్బువి అటు రావు. విసురు వలతో గుంటలో నాలుగైదు చోట్ల వేసి, కనీసం 150 రొయ్యలైనా కలిపి తూయాలి. నీళ్లు పూర్తిగా వార్చాలి. ఇక్కడే లెక్క తప్పేది. 172 రొయ్యలు 2 కిలోల 150 గ్రాములు తూగాయనుకోండి, 80 కౌంట్ అని రాసుకుంటారు. అందులో 150 గ్రాములు నీళ్లే అయితే అసలు కౌంట్ 86. గుంటలో 1,60,000 రొయ్యలున్నాయనుకుంటే 80 కౌంట్‌కు 2,000 కిలోలు, 86కు 1,860 కిలోలే. రొయ్యల మొత్తం బరువులో 3 శాతం చొప్పున మేత వేస్తుంటే రోజుకు నాలుగు కిలోలకు పైగా ఎక్కువ పడిపోతుంది. తినని మేత అడుగున కుళ్లి అమ్మోనియా లేస్తుంది. తరవాత నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎన్ని తిప్పినా ఆ ఖర్చు తిరిగి రాదు.

సగటు 80 ఉన్నా అందులో 60వి, 110వి కలిసి ఉండొచ్చు. పట్టుబడి రోజు చిన్నవి విడిగా ఏరి రేటు కోస్తారు. అందుకే శాంపిల్‌లో ఓ ముప్పై రొయ్యలనైనా ఒక్కోటిగా చిన్న కాటా మీద పెట్టి చూడండి. తేడా వారం వారం పెరుగుతుంటే మేత మార్చేకంటే ముందు ఈహెచ్‌పీకి (రొయ్యకు పట్టే ఓ సూక్ష్మ పరాన్నజీవి) పీసీఆర్ పరీక్ష చేయించడం మంచిది. ఆ జబ్బు చంపేకంటే ఎక్కువగా ఎదుగుదలనే ఆపుతుంది.

ఎగుమతి పెట్టెల మీద కనపడే 26/30 వేరే లెక్క. అది పౌనుకు, అంటే 454 గ్రాములకు, చాలావరకు తల తీసిన రొయ్యకు. మన గుంటల్లో పెంచే వనామీ రకం రొయ్య తల తీస్తే దాదాపు 65 శాతం బరువు మిగులుతుంది. మన 40 కౌంట్ రొయ్య 25 గ్రాములు, తల తీశాక 16 చిల్లర. పౌనుకు 28 వస్తాయి కాబట్టి 26/30 పెట్టెలోకి పోతుంది. ఈ రెండు లెక్కలూ కలిపేసుకుని విదేశీ రేటుతో మన రేటు పోల్చి బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

నూలు దగ్గర దిశే మారిపోతుంది. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు కట్టలు) ఎన్ని వస్తే అంత కౌంట్. 100 కౌంట్ అంటే పౌనుకు 84,000 గజాలు. అంకె పెరిగేకొద్దీ పోగు సన్నం. 2/100 అని ఉంటే రెండు 100 పోగులు పేనినది, లావులో 50తో సమానం. అది చూడకుండా 100 అనుకుని కొంటే చీర బరువెక్కిపోతుంది. పట్టుకు చెప్పే డెనియర్ మళ్లీ తిరగబడుతుంది. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములో అదే డెనియర్, కాబట్టి అంకె పెరిగితే లావు.

రక్త పరీక్షలో ప్లేట్‌లెట్ కౌంట్ ఒక మైక్రోలీటరుకు. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. కొన్ని ల్యాబులు వేలల్లో రాస్తాయి, అక్కడ 150 అంటే లక్షన్నరే. 150 చూసి కంగారుపడేవాళ్లుంటారు, లక్షన్నర అనుకుని 15ను, అంటే 15 వేలను, తేలిగ్గా తీసుకునేవాళ్లూ ఉంటారు. ఈ రెండోది ప్రమాదం. జ్వరం తగ్గి, ఎక్కడా రక్తస్రావం లేకుండా మనిషి తేరుకుంటున్నా కౌంట్ ఒక్కటే విపరీతంగా పడితే, ఊదా మూత ట్యూబులోని మందుకు ప్లేట్‌లెట్లు ముద్దకట్టి ఉండొచ్చు. మిషన్ ఆ ముద్దల్లోని ప్లేట్‌లెట్లను లెక్కపెట్టలేదు. స్లైడు మీద స్మియర్ చూడమని డాక్టరును అడగండి. లేదంటే నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వచ్చిన అంకెను 1.1తో గుణిస్తారు.