తడిసొచ్చిన బొచ్చుకుక్క, తువ్వాలు పట్టిన పిల్లలు

పొట్టి వెంట్రుకల కుక్కల్ని చూస్తూ పెరిగిన అమ్మానాన్నలకు తడిసిన కుక్కను ఆరబెట్టడమనేది ఒక పనిగానే తోచదు. అది ఒళ్ళు విదిలించుకుంటుంది, ఎండలో పడుకుంటుంది, కాసేపటికి ఆరిపోతుంది. పరాయి దేశంలో పుట్టిన పిల్లలు పట్టుబట్టి తెచ్చుకునే గోల్డెన్ రిట్రీవర్, హస్కీ, సమోయెడ్‌ల దగ్గర ఈ లెక్క తప్పుతుంది. వాటికి బొచ్చు రెండు పొరలు. పైన ముతక వెంట్రుకలు నీటిని జార్చేస్తాయి. కింద దూదిలాంటి పొర గాలిని పట్టి ఒంటిని వెచ్చగా ఉంచుతుంది. ఆ కింది పొర ఒకసారి నానిందంటే, పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది, చర్మం దగ్గర మాత్రం గంటలకొద్దీ చెమ్మ నిలుస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్ళు విసుక్కునే కుక్కవాసన చాలావరకు ఆ చెమ్మలోనే పుడుతుంది. చర్మం మీద మామూలుగానే ఉండే బాక్టీరియా, ఈస్టు తడిలో పెరుగుతాయి. అక్కడ దురద పుట్టి కుక్క నాకడం మొదలుపెడితే, ఒక్కరోజులోనే ఎర్రగా, తడిగా, జిగటగా పుండు లేస్తుంది. హాట్ స్పాట్ అంటారు దీన్ని. చెవుల కింద, మెడ చుట్టూ, తోక మొదట్లో ఎక్కువ. ఇలాంటిది కనబడితే ఇంటివైద్యం వద్దు, పశువైద్యుడికి చూపించాలి.

పని గుమ్మం బయటే మొదలవ్వాలి. కాలర్, హార్నెస్ తీసేయండి. తడి పట్టీ కింద చర్మం ఒరుసుకుపోతుంది. తర్వాత కుక్కను దులుపుకోనివ్వండి. బొచ్చులో ఉన్న నీళ్ళలో దాదాపు 70 శాతాన్ని అది 4 సెకన్లలో విదిలించేయగలదు. తొందరపడి తువ్వాలు కప్పితే ఆ పని మీ నెత్తిన పడుతుంది.

బురద విషయానికొస్తే, తడి బురదను రుద్దడం కంటే చెడ్డ పని లేదు. మట్టి లోపలి పొరలోకి దిగిపోతుంది. కాళ్ళకు, పొట్టకు అంటినదాన్ని గోరువెచ్చని నీళ్ళతో కడిగేయాలి, లేదా పూర్తిగా ఎండనిచ్చి బ్రష్‌తో రాల్చాలి. సగం తడి సగం పొడిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు. ప్రతిసారీ షాంపూ అక్కర్లేదు, దానితో నీటిని అడ్డుకునే సహజమైన నూనె పోతుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట మాత్రం పాదాలు కడగడం తప్పనిసరి. ఉప్పు అరికాలి మెత్తల్ని మండిస్తుంది, నాకితే కడుపులోకి పోతుంది.

తువ్వాళ్ళు మూడు ఉంచుకోండి: ఒకటి ముఖానికి, చెవులకు, ఒకటి ఒంటికి, ఒకటి పొట్టకు, పాదాలకు. మైక్రోఫైబర్‌వి నీటిని బాగా పీలుస్తాయి. రుద్దకుండా అద్ది, నొక్కి పట్టి, తీయాలి. కాళ్ళను తువ్వాలుతో చుట్టి పైనుంచి కిందికి పిండాలి. రుద్దితే చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక ఉన్న మెత్తటి వెంట్రుకలు ఉండలు కడతాయి. ఉన్న ఉండలు తడిస్తే ఇంకా బిగుస్తాయి, కాబట్టి వాన రోజుల్లో బయటికి తీసుకెళ్ళేముందే దువ్వెన వేయడం మేలు. వేళ్ళ సందుల్లో రాళ్ళు, మట్టి ఉండలు చూడండి. పనిలో పనిగా పిడుదులు కూడా. చెవి రెక్క లోపలి వైపు తుడవండి, చెవి రంధ్రంలో దూదిపుల్ల పెట్టొద్దు.

మనుషుల హెయిర్ డ్రయర్ వేడిగాలితో ఆరబెడుతుంది, కుక్కల బ్లోయర్ గాలి తాకిడితో నీటిని బయటికి తోస్తుంది. బొచ్చు మందంగా ఉంటే రెండోదే పనికొస్తుంది. హెయిర్ డ్రయరే ఉంటే చల్లగాలి మీద పెట్టి, కనీసం ఒక జానెడు దూరంలో, ఒకేచోట ఆపకుండా కదిలిస్తూ ఉండాలి. మీ చేతి వెనక భాగానికి వేడి తగిలితే దాని చర్మానికీ తగులుతున్నట్టే. వెంట్రుకల్ని చేత్తో పాయ తీసి చర్మం కనబడేలా పట్టండి, కింది నుంచి పైకి ఒక్కో వరస చేస్తూ రండి. ముఖం మీదికి గాలి కొట్టొద్దు. ఆరిందో లేదో చూపుకు తెలియదు. చంకలో, గజ్జల్లో, చెవుల వెనక వేళ్ళు చర్మం దాకా పెట్టండి. చల్లగా తగిలితే ఇంకా తడే.

ఒంటికి తొడిగే తువ్వాలు కోటు బాగానే ఉంటుంది కానీ నానిపోగానే తీసేయాలి. అలాగే వదిలేస్తే తడిని లోపలే బంధిస్తుంది. ఈ గొడవంతా తప్పుతుందని బొచ్చు గొరిగించాలనుకోవద్దు. రెండు పొరల బొచ్చు తిరిగి సరిగా రాకపోవచ్చు.

పిల్లలకు ఏ పని ఇవ్వాలన్నది వయసును బట్టి. ఐదారేళ్ళ వాళ్ళు తువ్వాళ్ళు అందించి, కుక్కకు పెట్టే చిరుతిండి ముక్కలు పెద్దవాళ్ళ చేతికి ఇస్తే చాలు. తొమ్మిది పదేళ్ళు వచ్చాక పెద్దవాళ్ళ పక్కన ఉండి వీపు, ఛాతీ తుడవచ్చు. పాదాలు, బ్లోయర్ పెద్దలవే. పాదాలు ముట్టుకుంటే చాలా కుక్కలకు నచ్చదు. తల పక్కకు తిప్పుకోవడం, పెదవులు నాక్కోవడం, ఆవలించడం, ఒళ్ళు బిగబట్టడం అంటే ఆపమని చెప్పడమే. గుర్రుమంటే తిట్టొద్దు, వదిలేయాలి. ఆ హెచ్చరికను అణిచేస్తే తర్వాత నేరుగా కరవొచ్చు.

పిల్లలు ఇంగ్లిష్‌లో, వచ్చివున్న తాతయ్య తెలుగులో చెబితే కుక్క తికమకపడుతుంది. ఏ భాషైనా దానికి ఒకటే, ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. ఈ పనికి నాలుగు చాలు: నిలబడు, కాలు, దులుపుకో, అయిపోయింది. తెలుగులోనే పెట్టుకుంటే రోజుకు రెండుసార్లు పిల్లల నోట ఆ మాటలు పలుకుతాయి, తాతయ్యకూ పని అందుతుంది.

చివర్లో అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, బురదలో నులిపురుగుల గుడ్లుండొచ్చు. నిలవ నీటి గుంటల్లో తిరిగే కుక్కకు లెప్టోస్పైరోసిస్ (అలాంటి నీళ్ళ నుంచి సోకే బాక్టీరియా జబ్బు) టీకా గురించి వైద్యుణ్ణి అడగండి. తువ్వాళ్ళు విడిగా ఉతకండి. ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వేస్తే అవి నీటిని పీల్చడం తగ్గిపోతుంది.