మావగారి మతిమరుపు, నా నిద్ర

మా మావగారికి అల్జీమర్స్ అని బరంపురంలో తేలేనాటికే, జీవితమంతా బడిలో పాఠాలు చెప్పిన ఒడియా ఆయనకు దూరం కాసాగింది. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దునున్న పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన మనిషికి ఇంటి తెలుగు ఒక్కటే మిగిలింది. చుట్టాలు ఆయన జబ్బును చాదస్తమనేవారు. పొద్దు వాలగానే చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకుని, గొడుగు చంకన పెట్టుకుని, "బడికి వేళవుతోంది, తలుపు తియ్యమ్మా" అనేవారు. కాదన్నకొద్దీ కోపం హెచ్చేది. "ఇవాళ సెలవండి, కాఫీ తాగుదురుగాని రండి" అంటే కూర్చునేవారు. అర్ధరాత్రి మళ్ళీ లేచేవారు, ఆయనతో పాటు నేనూ.

మందులకని వెళ్ళినప్పుడు, మానసిక వైద్య విభాగంలో డాక్టరమ్మ నన్ను విడిగా కూర్చోబెట్టి, రోగిని చూసుకునేవారి మీద పడే భారాన్ని కొలిచే జారిట్ ప్రశ్నావళిలోని 22 ప్రశ్నలు అడిగారు. మీకంటూ సమయం మిగులుతోందా, ఈ చాకిరీతో మీ ఆరోగ్యం చెడిందా వంటి ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 వరకు మార్కులుంటాయి. అంతవరకు అందరూ ఆయన ఎలా ఉన్నారనే అడిగారు గనుక, జవాబు చెప్పబోయి ఏడ్చేశాను. ఆవిడ మా వారిని లోపలికి పిలిచి, చూసుకునే మనిషి నిద్ర కూడా వైద్యంలో భాగమేనని ఖండితంగా చెప్పారు.

ఆ మాటతోనే ఇంట్లో వంతులు ఏర్పడ్డాయి. సరిహద్దుకు అవతల పాతపట్నంలో ఉన్న మా ఆడపడుచు శని, ఆదివారాల్లో వచ్చి తండ్రి దగ్గర పడుకోసాగింది. పగటి సాయానికి మొదట కుదిరిన ఒడియా అమ్మాయి ఎంతో ఓర్పు గలది, కానీ తన మాట అర్థంకాక ఆయన బెదిరిపోయి, స్నానానికి పిలిస్తే చెయ్యి విదిలించేవారు. తెలుగు మాట్లాడే మనిషి వచ్చి, ముందు నీళ్ళు ఆయన అరచేతిలో పోసి, "వేడి సరిపోయిందా బాబూ" అని అడిగాక ఆ గొడవ చాలావరకు తగ్గింది. మన సరిహద్దు జిల్లాల్లో మనిషిని పెట్టుకునేటప్పుడు జీతం కంటే ముందు భాష అడగమనే చెబుతాను.

ఎవరూ తోడులేని ఒక రాత్రి 14416కు ఫోన్ చేశాను. అది మానసిక సమస్యలకు ఫోన్లో సాయం చేసేందుకు 2022లో కేంద్రం ప్రారంభించిన టెలిమానస్. ఉచితం, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. దేశంలో అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులు (డిమెన్షియా) ఉన్న పెద్దలు సుమారు 88 లక్షల మందని 2023 నాటి అంచనా. అలాంటి ఇళ్ళలో మేలుకొని ఉండే కోడళ్ళకూ కూతుళ్ళకూ ఈ నంబరు తెలియాలని నా తపన.

రాత్రి వంతు ఇప్పుడు మా వారిది. ఈసారి ఆ ప్రశ్నలు ఆయన్నీ అడగమని డాక్టరమ్మను కోరాను.